నాన్న కాలి వేలు తీయించాలా, ఆరు వారాల ఇంజెక్షన్లా?

కోస్తా ప్రాంతంలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక మహిళ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పవద్దని కోరారు.

ఆమె తండ్రికి 62 ఏళ్లు. దర్జీ. పదహారేళ్లుగా షుగరు వ్యాధి ఉంది. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గుడి చుట్టూ చెప్పులు లేకుండా పదకొండు ప్రదక్షిణలు చేశారు. అరికాళ్లు కాలిన సంగతే ఆయనకు తెలియలేదు. ఇంటికి వచ్చాక గచ్చు మీద తడి అడుగులు చూసి ఆమె తల్లి కనిపెట్టింది. బొబ్బలు తగ్గాయి గానీ కుడికాలి రెండో వేలి కొన దగ్గర పుండు మాత్రం ఎనిమిది నెలలుగా మానడం లేదు. బాబాయి వరసయ్యే ఆర్ఎంపీ రోజూ అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. చీము ఆగగానే మానేశారు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో ఈమె పాత చీటీ చూపించి మందుల దుకాణంలో ఐదుసార్లు యాంటీబయాటిక్ మాత్రలు కొన్నారు. తల్లి క్యాప్సూల్ విప్పి ఆ పొడిని పుండు మీద చల్లేది. చివరికి జిల్లా కేంద్రంలో పరీక్ష చేయిస్తే క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ అనే రెండు సూక్ష్మజీవులు ఉన్నట్లు తేలింది. వరసగా అన్ని మందుల పక్కన ‘ఆర్’ అని, అంటే లొంగవని ఉంది. కొలిస్టిన్ అనే ఒక్క మందు పక్కన ‘ఎస్’ అని, అంటే లొంగుతాయని ఉంది. ఎక్స్‌రేలో వేలి ఎముక కొన తినేసినట్లు కనిపించింది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7, ఉండాల్సిన దానికంటే ఎక్కువ.

ఒక సర్జన్ వేలు తీసేయాలన్నారు. మరో వైద్యుడు ఆరు వారాల ఇంజెక్షన్లతో ప్రయత్నిద్దామన్నారు. ఆ ఇంజెక్షన్లు ఇంట్లోనే సగం ఖర్చుతో తానే చేస్తానని బాబాయి అంటున్నారు. అమెరికాలో ఉన్న అన్న హైదరాబాదుకు తీసుకెళ్లమంటున్నాడు. తండ్రి “కాళ్లతో పుట్టాను, కాళ్లతోనే పోతాను” అని మంచం దిగడం లేదు. ‘నేను కొనిచ్చిన మాత్రల వల్లే నాన్న ఒళ్లు మందులకు అలవాటు పడిపోయిందా? ఏ దారి ఎంచుకోవాలి? నా నాలుగేళ్ల కొడుకు తాతయ్య ఒళ్లోనే పడుకుంటాడు, ఆ క్రిములు వాడికి అంటుకుంటాయా?’ ఇవి ఆమె ప్రశ్నలు. మిగిలిపోయిన మాత్రలన్నీ వంటింట్లో ఒక స్టీలు డబ్బాలో దాచానని, అన్నకు ఆ సంగతి చెప్పలేదని చివర రాశారు.

జవాబు:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరంలో మీ చేయి వణికింది అక్కడే. మీ అబ్బాయిని తాతయ్యకు దూరం చేయకండి. ఈ సూక్ష్మజీవులు ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడిని, చెక్కుచెదరని చర్మాన్ని సాధారణంగా ఏమీ చేయవు. పుండు మీద శుభ్రమైన కట్టు ఉండాలి. కట్టు మార్చే ముందు, మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. విప్పిన గుడ్డను సంచిలో మూటకట్టి పారేయాలి. తువ్వాలు వేరుగా ఉంచాలి. పిల్లవాడి ఒంటి మీద గాయం ఉంటే దాన్ని కప్పి ఉంచండి. ఇంతకు మించి భయపడనక్కరలేదు. పెద్దాయనకు ఇప్పుడు ఆ పిల్లవాడి అవసరం చాలా ఉంది.

ఇక మిమ్మల్ని తినేస్తున్న ప్రశ్న. మందులకు అలవాటు పడింది మీ నాన్నగారి ఒళ్లు కాదు, ఆయన పుండులో ఉన్న సూక్ష్మజీవులు. ఒక మందు వేసినప్పుడు దానికి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి, ఖాళీ అయిన చోటంతా అవే ఆక్రమిస్తాయి. క్లెబ్సియెల్లా వంటివి ఇంకో పని కూడా చేస్తాయి. మందును ఎలా తట్టుకోవాలో రాసి ఉన్న జన్యువుల ముక్కను పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు చీటీ అందించినట్లు అందిస్తాయి. మీరు కొన్న ఐదు కోర్సులు, బాబాయిగారు మొదలుపెట్టి ఆపిన ఇంజెక్షన్లు ఇందుకు కొంత తోడ్పడ్డాయి. కాదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను.

కానీ ఆ జన్యువుల చీటీ మీ ఇంట్లో పుట్టలేదు. ఆఖరి అస్త్రాల్లాంటి మందులను కూడా విరగ్గొట్టే ఒక ఎంజైమును 2008లో న్యూఢిల్లీలో ఆసుపత్రిలో చేరి స్వీడన్‌కు తిరిగి వెళ్లిన రోగిలో గుర్తించారు. ఆయన ఒంట్లో దొరికింది కూడా క్లెబ్సియెల్లాయే. మన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, రోగి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ మోతాదులో సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో పరిశోధకులు ప్రచురించారు. మీ నాన్నగారికి ఇప్పుడు మిగిలిందంటున్న కొలిస్టిన్‌ను కోళ్లు త్వరగా పెరగడానికి దాణాలో కలిపేవారు. 2019లో గానీ మన ప్రభుత్వం దాన్ని నిషేధించలేదు. వాగు ఎగువన అంత కలిపారు. దిగువన బిందె ముంచుకున్న మీరు ఆ నేరమంతా నెత్తిన వేసుకోకండి. ఇకముందు వైద్యుడు కొత్తగా రాసిన చీటీ లేకుండా మాత్ర కొననని మాత్రం అనుకోండి, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఎనిమిది నెలలుగా మీ ఇంట్లో అందరూ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగారు: ఏ మందు? ఆ పుండు మానకపోవడానికి మందు ఒక్కటే కారణమని నేననుకోను. యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని చంపుతుంది గానీ పుండును మాన్పదు. పుండు మానాలంటే దాని మీద బరువు పడకూడదు, దానికి రక్తం అందాలి, చచ్చిన కండ పోవాలి, షుగరు అదుపులో ఉండాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ నాలుగింటి గురించీ మీకు ఎవరూ చెప్పినట్లు కనబడలేదు.

బరువు సంగతి చూడండి. నాన్నగారు దర్జీ అన్నారు. కాలితో తొక్కే మిషనే కదా? పుండు ఉన్నది కుడికాలి వేలి కొన. రోజుకు ఐదారు గంటలు ఆ కాలితోనే పెడలు తొక్కుతుంటే, అడుగడుగునా పుండు నలుగుతూనే ఉంటుంది. నొప్పి తెలిసిన మనిషైతే మొదటి రోజే కాలు పక్కకు తీసేవాడు. షుగరు వల్ల నరాలు మొద్దుబారాయి కాబట్టి ఆయనకు నొప్పి లేదు. గుడి దగ్గర కాలినప్పుడు తెలియకపోవడానికీ, మిషను దగ్గర నలిగినప్పుడు తెలియకపోవడానికీ కారణం ఒకటే. నొప్పి లేదు కదా, పెద్ద పుండు కాదులే అని ఇంట్లో అనుకుని ఉంటారు. నొప్పి లేకపోవడమే ఈ జబ్బులో ప్రమాదం.

ఈ సంగతి ప్రపంచానికి బాగా అర్థమైన చోట్లలో ఒకటి మన పొరుగునే ఉన్న వేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠురోగుల పాదాలను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్ల వేళ్లు కుళ్లి రాలిపోవడం లేదని, స్పర్శ లేక గాయపరచుకుని, ఆ గాయం మీదే నడుస్తూ పోగొట్టుకుంటున్నారని తేల్చారు. తర్వాత ఆయన అమెరికా వెళ్లి అదే పాఠాన్ని షుగరు రోగుల పాదాలకు అన్వయించారు. ఈరోజు మనం షుగరు రోగులకు ఇచ్చే మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు కూడా కుష్ఠురోగుల కోసం చేసినవే. మీ నాన్నగారి పాదానికి ఏ వైద్యుడు చికిత్స చేసినా ‘ఈ వేలి మీద బరువు పడకుండా ఏం చేద్దాం?’ అని అడగండి. ప్రత్యేకమైన చెప్పా, ఫెల్టు ముక్కలా, ఇన్ఫెక్షన్ తగ్గాక ప్లాస్టరు కట్టా అన్నది పాదం చూసి ఆయన చెబుతారు. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. మిషనుకు మోటారు బిగించి, దాని పెడలు ఎడమకాలి కింద పెట్టించండి. అప్పుడు కూడా ఎడమకాలికి చెప్పు ఉండాలి. పుండు మానేదాకా పని గంటలు తగ్గించుకోక తప్పదు. అన్నగారు ఏం సాయం చేయగలనని అడుగుతున్నాడు కదా, ఆ మోటారు కొనిపెట్టమనండి.

రెండోది రక్తప్రసరణ. మీరు పంపిన కాగితాలలో ఈ పరీక్ష ఎక్కడా లేదు. వేలు తీయాలన్నా, ఉంచాలన్నా ముందు తేలాల్సింది ఇదే. పాదం మీద నాడి తగులుతోందా? రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేశారా? చీలమండ దగ్గర, చేతి దగ్గర రక్తపోటు కొలిచి పోల్చే పరీక్ష ఒకటుంది. షుగరు రోగుల్లో రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి కాబట్టి, లోపం ఉన్నా అందులో బాగానే ఉన్నట్లు కనబడవచ్చు. అందుకని కాలి బొటనవేలి దగ్గర రక్తపోటు కూడా కొలవమని అడగండి. రక్తం అందని పాదానికి వేలు తీస్తే ఆ కోత మానదు. తర్వాత పక్క వేలు, ఆ తర్వాత పాదం అన్నట్లు పైకి పాకుతుంది. రక్తం అందకపోతే మందు కూడా పుండు దాకా చేరదు, అది ఎంత గొప్ప మందైనా సరే. నాళం మూసుకుపోయి ఉంటే దాన్ని బెలూనుతో తెరవడమో, బైపాస్ చేయడమో ముందు జరగాలి. హైదరాబాదు ప్రయాణానికి అర్థం ఉండేది ఇలాంటప్పుడే. నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. మీ జిల్లా కేంద్రంలోనే ఈ పరీక్ష జరిగి, ప్రసరణ బాగుందని తేలితే, అన్నగారి తృప్తి కోసం అంత దూరం తిప్పనక్కరలేదు.

ఇక ఆ పరీక్ష కాగితం. మీరు దాన్ని మరణపత్రంలా పట్టుకున్నారు. దాని మీద నాకు కొన్ని సందేహాలున్నాయి. పుండు పైన దూదిపుల్లతో తుడిచి పంపామని రాశారు. తెరిచి ఉన్న ఏ పుండు మీదనైనా సూక్ష్మజీవులు ఉంటాయి. పైపొరలో కాపురమున్నవే లోపల ఎముకను తింటున్నాయని చెప్పలేం. పుండును శుభ్రం చేసి, అడుగున ఉన్న కండ ముక్కనో, ఇంకా మేలు, ఎముక ముక్కనో పంపితేనే అసలు దోషి ఎవరో తెలుస్తుంది. పైపైన తుడిచి తీసిన నమూనాలో భయంకరమైన పేర్లు వచ్చి, ఎముకలో మామూలు మందులకు లొంగే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా దొరికిన సందర్భాలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. మీ నాన్నగారికి అలాగే జరుగుతుందని మాట ఇవ్వలేను. మన దేశంలో షుగరు పాదాల్లో సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఇ.కోలై వంటివి పాశ్చాత్య దేశాల్లో కంటే ఎక్కువగానే కనబడతాయి. కానీ తెలుసుకోకుండా కొలిస్టిన్ దాకా వెళ్లడం తగదు. అది 1950లలో వాడుకలోకి వచ్చి, మూత్రపిండాలను దెబ్బతీస్తోందని దాదాపు పక్కనబెట్టిన పాత మందు. వేరే దారి లేక మళ్లీ బయటికి తీశారు. మీ నాన్నగారి క్రియాటినిన్ ఇప్పటికే 1.7. పైగా కాగితపు బిళ్లలతో చేసే మామూలు పద్ధతిలో కొలిస్టిన్ ఫలితం నమ్మదగినది కాదు. ఏ పద్ధతిలో చేశారో ల్యాబును అడగండి.

ఈ రిపోర్టులతో పాటు ఇంకో చిక్కు ఉంది. పాత పుండులో సూక్ష్మజీవులు విడివిడిగా ఉండవు. జిగురు పొర అల్లుకుని గుంపుగా ఉంటాయి. తొట్టిలో పట్టిన పాచి లాంటిదనుకోండి. పైనుంచి ఎంత మందు నీళ్లు పోసినా పాచి ఊడదు, పీచుతో రుద్దితేనే పోతుంది. ల్యాబులో మందుకు లొంగిన బ్యాక్టీరియా కూడా ఆ పొర లోపల ఉన్నప్పుడు లొంగదు. అందుకే సర్జన్ కత్తితో చచ్చిన కండను, పుండు అంచున గట్టిపడిన ఆనెను ఎప్పటికప్పుడు తీసేయాలి. క్యాప్సూల్ పొడి చల్లితే ఆ పొరను దాటేంత మోతాదు లోపలికి అందదు, పైనున్న సూక్ష్మజీవులకు మాత్రం ఆ మందును తట్టుకోవడం నేర్పుతుంది. ఆ పని ఈరోజే మానమని అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. ఆవిడ ప్రేమతోనే చేశారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. రక్తప్రసరణ బాగుందని తేలిందనుకుని చెబుతున్నాను.

వేలు ఉంచి మందులతో ప్రయత్నించవచ్చు. ఎముకకు చేరిన ఇన్ఫెక్షన్‌కు, ఆ ఎముకను తీయకపోతే, సుమారు ఆరు వారాల మందు అవసరమని అంతర్జాతీయ నిపుణుల 2023 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది పిచ్చి ఆలోచన కాదు. స్పెయిన్‌లో ఇలాంటి రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, మందులతో మానినవారికీ, చిన్న శస్త్రచికిత్సతో మానినవారికీ పెద్ద తేడా కనబడలేదు. అయితే రక్తప్రసరణ తగ్గినవారిని అందులో చేర్చలేదు. మీ విషయంలో ఈ దారి మంచిచెడ్డలన్నీ ఎముక ముక్క పరీక్ష మీద ఆధారపడి ఉంటాయి. మాత్రలతో లొంగేది దొరికితే, లేదా మూత్రపిండాలను అంతగా ఇబ్బంది పెట్టని ఇంజెక్షన్ ఏదైనా పనిచేస్తుందని తేలితే, ప్రయత్నించడం న్యాయమే. నిజంగానే కొలిస్టిన్ తప్ప ఏదీ పనిచేయదని తేలితే మాత్రం, ఒక వేలి కొన కోసం ఆరు వారాలపాటు మూత్రపిండాలను పణంగా పెట్టడమవుతుంది. నా నాన్నకైతే నేను ఒప్పుకోను.

చిన్న శస్త్రచికిత్స రెండో దారి. ‘వేలు తీయడం’ అన్న మాటలో కూడా తేడాలున్నాయి. కొన్నిసార్లు పాడైన ఎముక కొన మాత్రం తీసి వేలిని ఉంచవచ్చు. సర్జన్‌ను ఈ మాట సూటిగా అడగండి. పాడైన ఎముక మొత్తం పోతే మందు కొద్ది రోజులతో సరిపోవచ్చు. మిగిలిన ఎముక అంచులో సూక్ష్మజీవులు ఉన్నాయని పరీక్షలో తేలితే, మూడు వారాల దాకా పడుతుంది. మొండి సూక్ష్మజీవుల విషయంలో కత్తికి ఉన్న గొప్పతనం ఇదే: కత్తికి నిరోధకత లేదు. దీనికీ ఖరీదుంది. ఒక వేలు పోతే ఆ బరువు పక్క వేళ్ల మీద, అరికాలి ముందు భాగం మీద పడి, కొత్త చోట పుండ్లు పుట్టవచ్చు. తగిన చెప్పులు, నెలనెలా పాదం చూపించుకోవడం జీవితాంతం ఉండాలి.

ఇంట్లో బాబాయిగారి చేత కొలిస్టిన్ ఇంజెక్షన్లు చేయించడం మూడో దారి అంటున్నారు. నేను దాన్ని దారిగా లెక్కపెట్టను. రక్తపరీక్షలతో మూత్రపిండాలను ఎప్పటికప్పుడు చూస్తూ, మోతాదు మారుస్తూ ఇవ్వాల్సిన మందు అది. మునుపటి అమికాసిన్ కూడా మూత్రపిండాలకు, వినికిడికి ముప్పు తెచ్చేదే. ఆ 1.7లో దాని పాలెంతో వైద్యుడు ఆలోచించాలి, చెప్పడం మరవకండి. అలాగని బాబాయిగారితో తగువు పెట్టుకోకండి. కట్టు కట్టడం ఆయనకు చేతనవును, రోజూ రాగలరు, నాన్నగారు ఆయన మాట వింటారు. ఆసుపత్రిలో కట్టు ఎలా కట్టాలో ఆయనకు కూడా చూపించమని అడగండి. సూది వద్దు, కట్టు మీ చేతుల్లోనే ఉండాలి అని చెబితే ఆయన గౌరవం నిలుస్తుంది, మీకు ఒక మనిషి తోడవుతాడు.

ఈ నిర్ణయానికి మీకు కొద్ది రోజుల వ్యవధి ఉంది. జ్వరం లేదు, ఎరుపు పుండు చుట్టూనే ఉంది అని రాశారు. ఆ వ్యవధిని నమ్మి కూర్చోకండి. జ్వరం లేదా చలి, ఎరుపు పాదం మీదికి పాకడం, వేలు నల్లబడటం, దుర్వాసన, పాదం వాపు, వాంతులు, మగతగా ఉండటం, షుగరు ఉన్నట్టుండి పెరగడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా అది రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు ప్రమాదం వేలికి కాదు, ప్రాణానికి. ఇప్పుడు వాడుతున్న మందు ఏదైనా ఉంటే సొంతంగా ఆపకండి. ఎముక ముక్క తీసే ముందు కొన్ని రోజులు మందు ఆపితే ఫలితం స్పష్టంగా వస్తుంది గానీ, ఆ నిర్ణయం వైద్యుడిది.

నాన్నగారి మాట మిగిలింది. “కాళ్లతోనే పోతాను” అన్న మనిషికి వేలికీ కాలికీ తేడా తెలియదని కాదు. ఆయన ఎక్కడో చూసి ఉంటారు. మొదట వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా పోయిన మనిషిని ప్రతి ఊరూ ఎరుగును. ఆ భయం అబద్ధం కాదు. దాన్ని కొట్టిపారేయకుండా ‘ఎవరిని చూశావు నాన్నా?’ అని అడగండి. చెప్పనివ్వండి. ఆ తర్వాత, రక్తప్రసరణ చూడకుండా ఎవరూ కత్తి పెట్టకుండా నేను చూసుకుంటానని మాట ఇవ్వండి. ఆయన భయానికి నిజమైన జవాబు ఆ పరీక్షే. ఆయన వద్దంటే వద్దనే హక్కు ఆయనకుంది. కానీ ఏది వద్దంటున్నారో తెలిసి అనాలి. అందుకే ఆసుపత్రి గదిలో ఆయనను బయట కూర్చోబెట్టి మీరు మాట్లాడకండి. అమ్మగారిని కూడా లోపలికి తీసుకెళ్లండి. అన్నగారు ఆ సమయానికి ఫోనులో ఉంటే తర్వాత ఎవరూ ఎవరినీ అనుకోనక్కరలేదు. ఖర్చు విషయంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని పథకం సహాయకులను ముందే అడగండి.

వెళ్లేటప్పుడు ఎక్స్‌రే, పరీక్షల కాగితాలు, మూడు నెలల షుగరు సగటు రిపోర్టు తీసుకెళ్లండి. వంటింట్లోని ఆ స్టీలు డబ్బా కూడా తీసుకెళ్లండి. ఈ ఎనిమిది నెలల్లో ఏ మందు, ఎన్ని మాత్రలు, ఎక్కడ ఆగిపోయాయో ఆ చిరిగిన అట్టల్లో ఉన్నంత నిజంగా మరే కాగితంలోనూ లేదు. వైద్యుడు ఒక మాట అంటే అననివ్వండి. మూత తీసి ఆయన బల్ల మీద పెట్టండి.